రేచీకటి విటమిన్ గర్భాశయ ముఖద్వారం దాకా

రేచీకటి అనగానే విటమిన్ ఎ లోపమని బడికెళ్లే పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ లోపం కంటితో ఆగదు. ఒంట్లో తడిగా ఉండే ప్రతి పొరనూ పట్టుకుంటుంది, గర్భాశయ ముఖద్వారాన్ని కూడా. అలాగైతే అక్కడ క్యాన్సర్‌కు ముందు దశలో కనిపించే మార్పులను విటమిన్ ఎతో వెనక్కి తిప్పవచ్చా? ఈ ప్రశ్న చుట్టూ వందేళ్ల పరిశోధన సాగింది. అందులో ఆశ ఉంది, అపజయం ఉంది, ప్రతి స్త్రీకీ పనికొచ్చే సమాచారమూ ఉంది. ఆ విశేషాల్లో కొన్ని ఇవి.

ఎలుకల్లో దొరికిన తొలి ఆనవాలు

1922. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరీన్ స్కాట్ బిషప్ ఆడ ఎలుకలను విటమిన్ ఎ లేని తిండి మీద పెంచుతున్నారు. ఎలుకకు నాలుగైదు రోజులకో రుతుచక్రం. యోని నుంచి కాస్త స్రావం తీసి గాజుపలక మీద పూసి చూస్తే, చక్రంలో ఒక దశలో మాత్రమే ఎండి గట్టిపడిన కణాలు కనిపించాలి. ఈ ఎలుకల్లో మాత్రం ఏ రోజు చూసినా అవే కణాలు. తడి పొర చర్మంలా గట్టిపడిపోయిందన్న మాట. అదే ఏడాది వీళ్లిద్దరే విటమిన్ ఇని కూడా కనిపెట్టారు. బహుశా అందుకే ఈ పరిశీలన అంతగా పేరు తెచ్చుకోలేదు.

ఆ గాజుపలక పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. 1917లో న్యూయార్క్‌లో చార్లెస్ స్టాకర్డ్‌తో కలిసి గినీ పందుల మీద దాన్ని వాడి చూపించిన గ్రీకు వైద్యుడి పేరు జార్జ్ పాపనికొలావ్. ఇవాళ లేడీ డాక్టరు రాసిచ్చే పాప్ స్మియర్‌లోని ‘పాప్’ ఆయనే. తన భార్య మేరీ నుంచి ఆయన ఏళ్ల తరబడి నమూనాలు తీసుకుని, ఆరోగ్యంగా ఉన్న స్త్రీలో కణాలు ఎలా ఉంటాయో నేర్చుకున్నారు. ఈ పరీక్ష వెనుక ఆమె ఓపిక కూడా ఉంది. ఆ మాట ఇంకా ఎక్కువసార్లు వినపడాలి.

పొర మారిపోతుంది, మళ్లీ మామూలవుతుంది

1925లో హార్వర్డ్‌కు చెందిన బర్ట్ వోల్‌బాక్, పెర్సీ హోవ్ విటమిన్ ఎ లేని ఎలుకలను కోసి అవయవం తర్వాత అవయవం సూక్ష్మదర్శినిలో చూశారు. శ్వాసనాళం, లాలాజల గ్రంథులు, మూత్రాశయం, గర్భాశయం, కళ్లు... అన్నిచోట్లా ఒకటే దృశ్యం. జిగురు స్రవించే సున్నితమైన కణాలు పోయి, వాటి స్థానంలో చర్మం మీద ఉండేలాంటి గట్టి కణాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. లోపం ఉన్న పిల్లల కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి కదా, అవీ ఈ మార్పు ఫలితమే. కంట్లో జరిగేదీ గర్భాశయంలో జరిగేదీ మూలంలో ఒకటే జబ్బు.

1933లో వీళ్లే ఇంకో పరిశోధన ప్రచురించారు. ఈసారి ఆ ఎలుకలకు విటమిన్ ఎ తిరిగి ఇచ్చారు. గట్టిపడిన పొర రాలిపోయి, కింద నుంచి మామూలు కణాలు మళ్లీ పుట్టుకొచ్చాయి. క్యాన్సర్ ముందు దశను మందుతో వెనక్కి తిప్పగలమన్న ఆశకు విత్తనం ఇక్కడే పడిందని నా నమ్మకం.

1953లో ఇంగ్లండులో ఆనర్ ఫెల్, ఎడ్వర్డ్ మెల్లన్‌బీ దీన్ని తిరగేసి చూశారు. కోడి పిండం చర్మాన్ని విటమిన్ ఎ బాగా ఎక్కువగా ఉన్న ద్రవంలో పెంచితే, చర్మం కావలసిన కణాలు కాస్తా జిగురు స్రవించే కణాలయ్యాయి. తక్కువైతే తడి పొర చర్మమవుతుంది, ఎక్కువైతే చర్మం తడి పొరవుతుంది! ఏ కణం ఏమవ్వాలో చెప్పే శక్తి ఈ విటమిన్‌కు ఉందని దీంతో స్పష్టమైంది.

కదిలే సరిహద్దు

గర్భాశయ ముఖద్వారంలో రెండు రకాల పొరలున్నాయి. యోని వైపు కనిపించే భాగాన్ని చదునైన కణాలు వరసలు వరసలుగా కప్పి ఉంటాయి. లోపలి కాలువలో జిగురు స్రవించే పొడవాటి కణాలు ఒకే వరసలో ఉంటాయి. ఈ రెండూ కలిసే గీత ఒకచోట ఉండదు. రజస్వల అయినప్పుడు, కాన్పులప్పుడు, ముట్లుడిగాక అది జరుగుతూ ఉంటుంది. అలా జరిగే దారిలో పొడవాటి కణాల చోటును చదునైన కణాలు ఆక్రమిస్తుంటాయి. ముఖద్వార క్యాన్సర్లలో అత్యధిక భాగం ఈ కొద్ది మేరలోనే మొదలవుతాయి.

1993లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో లుయీజీ డి లూకా బృందం విటమిన్ ఎ లేకుండా పెంచిన ఆడ చిట్టెలుకల్లో సరిగ్గా ఈ చోటునే గమనించింది. పొడవాటి కణాల కింద కొత్తగా చిన్న కణాలు పుట్టి, అవి చదునైన కణాలుగా మారడం మొదలైంది. రెటినాయిక్ ఆమ్లం ఇస్తే ఆ మార్పు వెనక్కి పోయింది. రెటినాయిక్ ఆమ్లమంటే విటమిన్ ఎ మన ఒంట్లో మారే రూపాల్లో ఒకటి. చూపుకు కావలసిన రూపం వేరు, కణాలకు ఆజ్ఞలిచ్చే రూపం ఇది.

ఆ ఆజ్ఞను కణం అందుకునేదెలా? దీనికి జవాబు 1987లో ఒకేసారి రెండు చోట్ల దొరికింది. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో పియర్ షాంబో బృందం, కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం రెటినాయిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టాయి. అది కణకేంద్రంలో నేరుగా డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను పనిచేయిస్తుంది, కొన్నిటిని ఆపుతుంది. మామూలుగా విటమిన్లు ఎంజైములకు సాయపడతాయని చదువుకున్నాం. ఇది మాత్రం హార్మోనులా పనిచేస్తుంది.

రిపోర్టులో ఆ మూడంకెలు

బయాప్సీ రిపోర్టులో సీఐఎన్ 1, 2, 3 అని రాస్తారు. చాలామంది దాన్ని క్యాన్సర్ మొదటి, రెండో, మూడో స్టేజీ అనుకుని అక్కడే కుప్పకూలిపోతారు. అది స్టేజీ కాదు, అసలు క్యాన్సరే కాదు. ముఖద్వారాన్ని కప్పిన పొర మందంలో కింది మూడో వంతు దాకానే తేడా కణాలుంటే 1. మూడింట రెండు వంతుల దాకా ఉంటే 2. అంతకు పైకి పాకితే 3. పొర అడుగు దాటి లోపలి కండలోకి దిగితేనే అది క్యాన్సర్. ఈ అంకెల పద్ధతిని 1960ల చివర్లో అమెరికా పాథాలజిస్టు రాల్ఫ్ రిచర్ట్ తెచ్చారు.

గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే కాల్పోస్కోపును జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మన్ తయారు చేసింది 1925లో. వోల్‌బాక్, హోవ్‌ల ఎలుకల పరిశోధన వచ్చింది కూడా ఆ సంవత్సరమే.

కూరలు తినేవాళ్లకు తక్కువా?

1980లలో అనేక దేశాల్లో రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చి ఏం తింటున్నారని అడిగారు. ఇటలీలోని మిలాన్‌లో కార్లో లా వెక్కియా బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో, కెరోటిన్ ఉన్న కూరగాయలు బాగా తినేవాళ్లలో ముఖద్వార క్యాన్సర్ తక్కువగా కనిపించింది. మరికొన్ని చోట్ల రోగుల రక్తంలో కెరోటిన్ తక్కువని తేలింది. విటమిన్ బిళ్లల మీద ఆశలు పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ రోజుల్లో లెక్కలోకి రాని ముద్దాయి ఒకటుంది. 1983లో జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ముఖద్వార క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ 16 అనే వైరస్‌ను, మరుసటి ఏడాది హెచ్‌పీవీ 18ని పట్టుకుంది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. ఈ వైరస్ లైంగిక సంపర్కంతో సోకుతుంది. లైంగిక జీవితం ఉన్న స్త్రీపురుషుల్లో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసిన కొద్దిమందిలోనే ముప్పు. కూరగాయలు బాగా తినే ఇల్లాలికి సాధారణంగా చదువు, డబ్బు, వైద్యం కూడా అందుబాటులో ఉంటాయి, పొగతాగే అలవాటు తక్కువ ఉంటుంది. వైరస్ పరీక్ష చేయకుండా, ఇవన్నీ వేరు చేయకుండా క్యాన్సర్ తగ్గింది కెరోటిన్ వల్లే అనలేం. అందుకే మనుషుల మీద మందు ఇచ్చి చూడక తప్పలేదు.

స్పాంజి పెట్టిన చిన్న టోపీ

ఈ కథలో అన్నిటికన్నా ఎక్కువ ఆశ పుట్టించిన పరీక్ష ఇది. అరిజోనా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ మేస్కెన్స్, ఎర్ల్ సర్విట్ మందును మింగించకుండా నేరుగా ముఖద్వారానికే అందించాలనుకున్నారు. మింగితే ఒళ్లంతా పాకి చర్మం ఎండిపోవడం, పెదాలు పగలడం, తలనొప్పి లాంటి బాధలు వస్తాయి. మందు కావలసింది అంగుళం మేర చోటుకే కదా.

దానికి వాళ్లు ఎంచుకున్న సాధనం ముఖద్వారానికి సరిగ్గా తొడుక్కునే చిన్న టోపీ. గర్భం రాకుండా వాడే సర్వైకల్ క్యాప్ అది. అందులో ఒక స్పాంజి. ఆ స్పాంజిలో ఒక మిల్లీలీటరు మందు, అందులో రెటినాయిక్ ఆమ్లం 0.372 శాతం. అంటే ఒకసారి పెట్టే మందు నాలుగు మిల్లీగ్రాములకు లోపే. మొదట వరసగా 4 రోజులు, తర్వాత కొన్ని నెలలకోసారి రెండేసి రోజులు పెట్టారు. మొత్తం 301 మంది స్త్రీలు, అందరికీ సీఐఎన్ 2 లేదా 3 ఉంది. లాటరీ పద్ధతిలో కొందరికి అసలు మందు, కొందరికి అదే టోపీలో ఉత్తుత్తి మందు. కాల్పోస్కోపీ, పాప్ స్మియర్, బయాప్సీ మూడింటితోనూ వెంటాడి చూశారు.

1994 ఏప్రిల్లో ఫలితాలు వచ్చాయి. సీఐఎన్ 2 ఉన్నవాళ్లలో ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో 27 శాతానికి జబ్బు పూర్తిగా మాయమైతే, అసలు మందు తీసుకున్నవారిలో 43 శాతానికి మాయమైంది. సీఐఎన్ 3 ఉన్నవాళ్లలో మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా లేదు. మంట, దురద లాంటి ఇబ్బందులు వచ్చినా ఆపగానే తగ్గిపోయాయి.

కత్తి లేకుండా, కరెంటు తీగ లేకుండా, ఇంకా పిల్లలు కావలసిన ఆడపిల్లల గర్భాశయాన్ని ముట్టుకోకుండా క్యాన్సర్ ముందు దశను తగ్గించవచ్చని లాటరీ పద్ధతిలో చేసిన పరీక్ష చూపింది. ఆ రోజుల్లో దీన్ని చదివిన గైనకాలజిస్టులు ఎంత సంబరపడి ఉంటారో ఊహించగలను.

ఉత్తుత్తి మందుతో 27 శాతం ఎలా నయమైంది?

ఒంటి రోగనిరోధక శక్తితోనే. సీఐఎన్ 2ను చికిత్స చేయకుండా గమనిస్తూ ఉంటే ఏమవుతుందో అనేక అధ్యయనాలను కలిపి 2018లో లెక్క కట్టారు. రెండేళ్లలో దాదాపు సగం మందిలో అదే తగ్గిపోయింది, మూడో వంతు మందిలో అలాగే ఉంది, 18 శాతం మందిలో ముదిరింది. ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో తగ్గేవాళ్లు ఇంకా ఎక్కువ, 60 శాతం. ఫలానా కషాయంతో, ఫలానా బిళ్లతో ముఖద్వారం జబ్బు పోయిందని ఎవరైనా నమ్మకంగా చెబితే వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. ఏమీ వాడకపోయినా ఆ సగం మందిలో వాళ్లూ ఉండేవాళ్లేమో! ఉత్తుత్తి మందుతో పోల్చకుండా ఈ జబ్బులో ఏ మందునూ నమ్మడానికి లేదు.

సీఐఎన్ 3 సంగతి పూర్తిగా వేరు. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో నేషనల్ విమెన్స్ ఆస్పత్రి డాక్టరు హెర్బర్ట్ గ్రీన్ అది క్యాన్సర్‌గా మారదని నమ్మి, 1966 నుంచి కొందరు స్త్రీలకు తగిన చికిత్స చేయకుండా చూస్తూ ఉండిపోయారు. ఆ సంగతి చాలామందికి చెప్పనైనా చెప్పలేదు. 1987లో సాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అనే ఇద్దరు స్త్రీలు పత్రికలో రాసి బయటపెట్టాక న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపారు. 1988లో వచ్చిన ఆమె నివేదిక ఆ దేశంలో రోగుల హక్కుల తీరునే మార్చేసింది. 2008లో ఆ స్త్రీల రికార్డులను మళ్లీ లెక్క చూస్తే, సరైన చికిత్స అందనివారిలో 30 ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరిగా చికిత్స పొందినవారిలో 0.7 శాతానికే. ఈ రెండు అంకెలు ఎంతమంది ప్రాణాల మీదుగా మన చేతికొచ్చాయో తలుచుకుంటే కోపం ఆగదు. సీఐఎన్ 3 అని రిపోర్టు వచ్చాక ఏ విటమిన్ కోసమూ ఆగకూడదని చెప్పేది అవే.

తర్వాత వచ్చినవన్నీ నిరాశే

మంచి ఫలితం ఒకసారి వస్తే చాలదు, మళ్లీ రావాలి. 2004లో 175 మందితో రెటినాయిక్ ఆమ్లాన్ని మూడు మోతాదుల్లో పైపూతగా ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందుకన్నా మెరుగేమీ కనిపించలేదు.

మింగే మందులదీ అదే దారి. 2003లో 9-సిస్ రెటినాయిక్ ఆమ్లం ఎక్కువ మోతాదైనా తక్కువ మోతాదైనా ఉత్తుత్తి మందును దాటలేదు. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు తొలి దశ మార్పుల మీద ఐసోట్రెటినాయిన్ ఇచ్చి చూసిన పరీక్షలోనూ లాభం లేదు. అన్నిటికన్నా మింగుడుపడనిది ఫెన్‌రెటినైడ్ ఫలితం. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో రోజుకు 200 మిల్లీగ్రాములు ఆరు నెలలు ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో 25 శాతానికి మెరుగైతే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 44 శాతానికి మెరుగైంది. అంటే మందే వెనక్కి లాగిందేమో అనిపించేంత తేడా.

లాటరీ పద్ధతిలో జరిగిన ఐదు పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2013లో తేల్చిందిది: విటమిన్ ఎ జాతి మందులు సీఐఎన్ 3ని తగ్గించవు, ఏ దశనూ ముదరకుండా ఆపవు, సీఐఎన్ 2లో మాత్రం కొంత ప్రభావం ఉండవచ్చు. ఆ ‘ఉండవచ్చు’ అన్న మాట మీద ఇంతవరకూ ఏ ప్రామాణిక చికిత్సా నిలబడలేదు.

అదే నెలలో ఫిన్లండ్ నుంచి

క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది. హాని తక్కువ కదా అని ముఖద్వార మార్పులున్నవారికి దాన్నీ ఇచ్చి చూశారు. 1991లో నెదర్లాండ్స్‌లో రోజుకు 10 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చారు. ఆస్ట్రేలియాలో 30 మిల్లీగ్రాములు, కొందరికి విటమిన్ సితో కలిపి రెండేళ్లు ఇచ్చారు. రెండు చోట్లా ప్రయోజనం సున్నా.

అరిజోనా టోపీ ఫలితం వచ్చిన 1994 ఏప్రిల్లోనే ఫిన్లండ్ నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. పొగతాగే మగవాళ్లు 29,133 మందిపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ బిళ్లలు మింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది! తగ్గిస్తుందని ఇచ్చిన బిళ్ల పెంచింది. 1996 జనవరిలో అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇస్తున్న ఇలాంటి పెద్ద పరీక్షను కూడా అదే కారణంతో గడువుకు ముందే ఆపేశారు. పొగ ముఖద్వార క్యాన్సర్ ముప్పును కూడా పెంచుతుంది కాబట్టి, చుట్ట, బీడీ అలవాటున్న స్త్రీలు బీటా కెరోటిన్ బిళ్లల జోలికి పోకపోవడమే మంచిది. కూరలో ఉన్న కెరోటిన్‌కు ఈ భయం లేదు.

షాంఘైలో గెలిచింది, ఇక్కడెందుకు ఓడింది?

ఇదే రెటినాయిక్ ఆమ్లం ఇంకో క్యాన్సర్‌లో అద్భుతం చేసింది. షాంఘైలో డాక్టర్ వాంగ్ జెన్‌యీ 1985లో ఏపీఎల్ అనే ప్రాణాంతకమైన రక్తక్యాన్సర్‌తో చావుబతుకుల మధ్య ఉన్న ఐదేళ్ల పాపకు దాన్ని ఇచ్చారు. పాప కోలుకుంది. 1988లో 24 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. ఆ 24 మందిలోనూ జబ్బు ఆనవాళ్లు లేకుండా పోయాయి, ఒకరికి మాత్రమే ఇంకో మందు తోడు కావలసి వచ్చింది. ఇప్పుడు ఆర్సెనిక్‌తో కలిపి వాడితే ఈ రకం రక్తక్యాన్సర్ చాలామందిలో పూర్తిగా నయమవుతోంది.

ఒకే మందు అక్కడ గెలిచి ఇక్కడ ఎందుకు తడబడింది? ఏపీఎల్‌లో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై, రెటినాయిక్ ఆమ్లాన్ని అందుకునే గ్రాహకమే చెడిపోతుంది. తెల్లకణం ఎదగకుండా చిన్నదిగానే ఆగిపోతుంది. ఎక్కువ మోతాదులో మందు ఇస్తే ఆ గ్రాహకం కదిలి కణం ఎదుగుతుంది. చెడిందీ అదే, మందు తగిలేదీ అక్కడే. ముఖద్వారంలో అలా కాదు. హెచ్‌పీవీ తయారు చేసే ఇ6, ఇ7 అనే రెండు ప్రొటీన్లు కణాన్ని అదుపులో పెట్టే కాపలా ప్రొటీన్లను చంపేస్తాయి, కట్టేస్తాయి. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో రెటినాయిక్ ఆమ్లం ఈ ఇ6, ఇ7ల ఉత్పత్తిని తగ్గించగలిగింది. మనిషి ఒంట్లో మాత్రం వైరస్ అక్కడే ఉంటుంది, కణం ముదిరేకొద్దీ రెటినాయిక్ ఆమ్లానికి స్పందించే గ్రాహకాల్లో ఒకటి కనుమరుగవుతుంది. సీఐఎన్ 2లో కాస్త పనిచేసి 3లో చేయకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

మందుల షాపులో దొరికే ప్రమాదం

1597లో ఆర్కిటిక్‌లో చిక్కుకుపోయిన డచ్చి నావికులు ధ్రువపు ఎలుగుబంటి కాలేయం వండుకు తిన్నారు. ముగ్గురికి ప్రాణం మీదికొచ్చి, తల నుంచి కాళ్ల దాకా చర్మం ఊడిపోయింది. కారణం విటమిన్ ఎ అతిగా చేరడమేనని 1943లో తేలింది. నీటిలో కరిగే విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ అలా పోదు, కాలేయంలో పేరుకుంటుంది.

మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ కూడా విటమిన్ ఎ కుటుంబమే. 1982లో అమెరికాలో అనుమతి వచ్చిన మరుసటి ఏడాదికే పుట్టుక లోపాల వార్తలు మొదలయ్యాయి. గర్భంలో ఉన్న బిడ్డ గుండె, చెవులు, మెదడు ఏర్పడేది రెటినాయిక్ ఆమ్లం ఆజ్ఞల మీదే కాబట్టి, ఆ ఆజ్ఞలు అతిగా అందితే బిడ్డ రూపమే చెడుతుంది. ముఖద్వార ముందస్తు మార్పులు కనిపించేది పిల్లల్ని కనే వయసులోనే. రిపోర్టు చూసి భయపడి, ఎవరో చెప్పారని విటమిన్ ఎ క్యాప్సూళ్లు పెద్ద మోతాదులో కొనుక్కుని మింగే అమ్మాయికి, గర్భం వచ్చిన సంగతి ఇంకా తెలియకపోతే? ఈ ఒక్క సంగతైనా ఈ వ్యాసం చదివినవాళ్లు పదిమందికి చెప్పాలి.

భీమవరం బిడ్డ తయారు చేయించిన విటమిన్‌కూ ఇదే కథ

యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో 1940లలో తయారైన ఫోలిక్ ఆమ్లాన్ని కూడా ముఖద్వార మార్పుల మీద పరీక్షించారు. 1982లో అమెరికాలోని అలబామాలో గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు రోజుకు 10 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇస్తే మెరుగు కనిపించింది. 1992లో అక్కడి బృందమే ఇంకా ఎక్కువమందితో చేసిన పరీక్షలో ఆ మెరుగు నిలవలేదు.

తార్నాకలో పుట్టిన చుక్కల మందు

మన అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆరు నెలలకోసారి చెంచాతో పోసే విటమిన్ ఎ ద్రవం వెనుక హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. డాక్టర్ సి. గోపాలన్ కాలంలో అక్కడ జరిగిన పరిశోధనల ఆధారంగానే 1970లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి రెండేసి లక్షలు. అది చిన్నపిల్లల కంటిచూపు కోసం లెక్కగట్టిన మోతాదు. పెద్దవాళ్లు ఆ సీసా ముట్టుకోకూడదు.

పెద్దవాళ్లకు వంటింట్లోనే కావలసినంత ఉంది. మునగాకు, కరివేపాకు, తోటకూర, పండిన మామిడి, బొప్పాయి, తియ్య గుమ్మడి. ఆహారంలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌తో ఒంటికి అందేది ఒక మైక్రోగ్రాము విటమిన్ ఎనే. అది కూడా నూనె తోడుంటేనే. అందుకే మునగాకు పప్పుకు తాలింపు పెట్టడంలో రుచితో పాటు మంచి పోషకాహార శాస్త్రం ఉంది. నూనె పూర్తిగా మానేసి ఆకుకూరలు ఉడకబెట్టి తినేవాళ్లు సగం లాభం వదులుకుంటున్నట్టే. ఈ తిండి ముఖద్వార మార్పులకు చికిత్స కాదు. ఒంటికి మాత్రం రోజూ కావలసిందే.

ఒక నిమిషంలో తెల్లబడే మచ్చ

మన దేశంలో 2022లో ముఖద్వార క్యాన్సర్ సుమారు 1 లక్షా 27 వేల మందికి కొత్తగా వచ్చింది, దాదాపు 80 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇందులో అధిక భాగం ఆపగలిగినవి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు చేయగలిగే పరీక్ష ఒకటుంది. స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి ముఖద్వారం కనబడేలా చేసి, 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని అద్దుతారు. ఊరగాయలో వాడే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే అది. ఒక నిమిషం ఆగి చూస్తారు. ఆరోగ్యమైన పొర గులాబీ రంగులోనే ఉంటుంది. తేడా కణాలున్న చోట అంచులు స్పష్టంగా ఉన్న తెల్ల మచ్చ తేలుతుంది. రక్తం తీయరు, రిపోర్టు కోసం వారం ఆగక్కర్లేదు. తమిళనాడు దిండిగల్ జిల్లాలో ఈ పరీక్ష చేసిన ఊళ్లలో ముఖద్వార క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినందుకే చావులు దాదాపు సగానికి పడ్డాయి. హైదరాబాద్ పక్కనున్న మేడ్చల్ మండలంలో కూడా ఈ రెండు పరీక్షలనూ పాప్ స్మియర్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చారు. మన జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి ఈ ఎసిటిక్ పరీక్ష చేయాలి. తెల్లబట్ట అవుతోందనో, నొప్పి అనో వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది, ముందు దశలో ఏ బాధా ఉండదు కనుక.

ఇక టీకా సంగతి. స్కాట్లండులో 12, 13 ఏళ్లకే హెచ్‌పీవీ టీకా వేయించుకున్న ఆడపిల్లల్లో ఒక్కరికి కూడా ముఖద్వార క్యాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు. అక్కడ బడుల్లో టీకా మొదలైంది 2008లో. పుణెలోని సీరమ్ సంస్థ తయారు చేసిన దేశీయ టీకా సెర్వావ్యాక్‌కు మన దగ్గర 2022లో అనుమతి వచ్చింది.

ఇరవై ఐదేళ్ల తోడు

సీఐఎన్ 3 ఉన్నవాళ్లకు ఎక్కువగా చేసేది లీప్. సన్నని తీగ ఉచ్చులో కరెంటు పంపి, ఆ చెడిన చోటును పల్చగా కోసి తీస్తారు. ముఖద్వారానికి మత్తు సూది చాలు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. తీసిన ముక్క పరీక్షకు వెళుతుంది, లోపల దాగిన క్యాన్సర్ ఉంటే అక్కడ బయటపడుతుంది. ఏ పైపూతా ఏ బిళ్లా ఆ పని చేయలేవు. చిన్న మచ్చలకు చల్లటి వాయువుతో గడ్డకట్టించే క్రయో, వేడితో మాడ్చే థర్మల్ అబ్లేషన్ కూడా ఉన్నాయి. చికిత్స అయిపోయింది కదా అని చాలామంది మళ్లీ ఆస్పత్రి గడప తొక్కరు. అమెరికా గైనకాలజీ నిపుణుల మార్గదర్శకాల ప్రకారం ఆరు నెలలకు హెచ్‌పీవీ పరీక్ష, తర్వాత వరసగా మూడుసార్లు వైరస్ లేదని తేలేదాకా ఏటా ఒకటి, ఆపైన మూడేళ్లకోసారి చేయించుకోవాలి. అలా కనీసం 25 ఏళ్లు, గర్భసంచి తీసేయించుకున్నా సరే.